వర్చ్యూ–మోయిర్ జంటను మోకాళ్ళ కింద చూడాలి: ఒలింపిక్స్ ఉచిత వీడియోలపై రివ్యూ

టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్ కెనడాకి చెందిన ఐస్ డాన్స్ జంట. ఐస్ డాన్స్ అంటే ఫిగర్ స్కేటింగ్‌లో ఇద్దరు కలిసి మంచు మీద నృత్యం చేసే పోటీ. 2010 వాంకూవర్‌లో స్వర్ణం, 2014 సోచిలో రెండు రజతాలు, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో రెండు స్వర్ణాలు సాధించారు. వాళ్ళు ఆట వదిలేనాటికి ఫిగర్ స్కేటింగ్‌లో ఐదు ఒలింపిక్ పతకాలు ఇంకెవరికీ లేవు. ఆ పతకాలు తెచ్చిన ప్రదర్శనలు ఒలింపిక్స్ అధికారిక యూట్యూబ్ ఛానల్లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఈ రివ్యూ ఆ వీడియోల గురించే. వాటిలో ఏముంది, ఏం లేదు, ఈ ఆట కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం గమనించాలి అన్నది చెప్తాం.

ముందే చెప్పేస్తున్నాం, మా లెక్కలో ఐదుకి నాలుగు. తగ్గిన ఒక్క మార్కు కెమెరా వల్ల. ఈ జంట గొప్పతనమంతా మోకాళ్ళ కింద ఉంది. ప్రసార కెమెరాకేమో మొహాలంటే ఇష్టం. నాలుగు నిమిషాల డాన్స్‌లో మంచి అడుగుల వరస నడుస్తుండగానే కెమెరా నడుము పైకి వెళ్ళిపోతుంది. ఆ ఇద్దరి చూపుల్లో ప్రేమ ఉందా లేదా అన్న చర్చ ఇన్నేళ్ళు సాగడానికి సగం కారణం ఆ కెమెరాయే.

పాదాల దగ్గర చూడాల్సిందేమిటో ముందు తెలుసుకోవాలి. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు మందం దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. అడుగు భాగం చదునుగా ఉండదు, మధ్యలో సన్నటి గాడి తీసి ఉంటుంది. అందుకే ఒక్క బ్లేడుకి రెండు అంచులు, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. శరీరం ఒక పక్కకి ఒరిగినప్పుడు ఒక్క అంచే మంచులో దిగుతుంది, వంపు తిరిగిన గీత ఒకటే పడుతుంది. నిటారుగా ఉంటే రెండంచులూ తగిలి జంటగీతలు పడతాయి. దాన్నే ఫ్లాట్ అంటారు. ఐస్ డాన్స్‌లో దాన్ని తప్పుగానే చూస్తారు. అంచు లోతుగా దిగాలంటే మోకాలు బాగా వంగాలి. కూచిపూడిలో అరమండి సరిగ్గా కూర్చోకపోతే పైన చేతులెంత అందంగా తిప్పినా గురువుగారు ఒప్పుకోరు కదా, ఇక్కడా అంతే. పైగా ఐస్ డాన్స్ బ్లేడుకి వెనక తోక పొట్టిగా ఉంటుంది. ఇద్దరూ ఒకరి పాదాల మధ్య ఒకరు పాదం పెట్టి జారుతుంటారు కాబట్టి, తోక పొడవైతే రెండోవాళ్ళ బ్లేడు మీద పడి ఇద్దరూ కూలబడతారు.

ఇది తెలిశాక ఒక్కో వీడియోని మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, పాట వింటూ. రెండోసారి సౌండ్ తీసేసి, సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.5కి తగ్గించి, కళ్ళు పాదాల మీదే పెట్టి. మూడోసారి కావాల్సిన చోట ఆపి, కంప్యూటర్ కీబోర్డులో కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకి వెళ్తుంది. ట్విజిల్స్ దగ్గర ఇది బాగా పనికొస్తుంది. ట్విజిల్ అంటే ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూనే ముందుకి సాగిపోవడం. ఉన్నచోటే తిరిగితే అది స్పిన్ అవుతుంది, ట్విజిల్ కాదు. ఇద్దరూ పక్కపక్కన, ఒకరినొకరు పట్టుకోకుండా, ఒకే వేగంతో తిరగాలి. ఫ్రేమ్ ఆపి చూస్తే ఇద్దరి భుజాలూ ఒకే దిక్కుకి ఉన్నాయో లేదో తేలిపోతుంది. చాలామంది జంటల్లో రెండో చుట్టుకే ఒకరు పావుచుట్టు వెనకబడతారు. ఈ ఇద్దరిలో ఆ తేడా పట్టుకోవాలంటే చాలా ఫ్రేములు వెతకాలి.

ఫోన్లో చూసేవాళ్ళకి ఒక మాట. చిన్న తెర మీద బ్లేడు కనిపించదు. టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంకా మంచిది. లోతైన అంచు మీద జారుతున్నప్పుడు బ్లేడు గీకినట్టు చప్పుడు చెయ్యదు. గరగరమని గీకుడు వినిపించిందంటే అడుగు ఫ్లాట్ అయిందనో, పక్కకి జారిందనో అర్థం.

మొదలుపెట్టాల్సింది వాంకూవర్ ఫ్రీ డాన్స్‌తో, అంటే పోటీ చివర్లో జంట సొంతంగా కూర్చుకుని చేసే పొడవైన డాన్స్‌తో. 2010 ఫిబ్రవరి 22న పసిఫిక్ కలిసియంలో చేసిందది. సంగీతం పాశ్చాత్య స్వరకర్త మాహ్లర్ ఐదో సింఫనీలోని అడజియెట్టో అనే నెమ్మదైన భాగం. నెమ్మదైన సంగీతం ఎందుకు కష్టమంటే, దాక్కోవడానికి చోటుండదు. వేగమైన పాటలో తాళం కొంచెం తప్పినా తర్వాతి దెబ్బకి అందుకోవచ్చు. ఇక్కడ ఒక్కో అడుగు సాగుతూ పోవాలి. మోకాలు వంగేటప్పుడూ లేచేటప్పుడూ ఇద్దరూ ఒకే ఊపిరి మీద ఉండాలి. మంచు మీదకి వెళ్ళేముందు ఈ ఇద్దరూ ఒకరినొకరు హత్తుకుని, ఊపిరి లయ కలిసేదాకా అలాగే నిలబడేవారు. దాన్ని చాలామంది ప్రేమ అనుకున్నారు. ఆట తెలిసినవాళ్ళకి అది శ్రుతి చూసుకోవడం.

ఆ రోజు ఫ్రీ డాన్స్‌కి 110.42 వచ్చింది. అప్పట్లో పోటీ మూడు విడతలుగా జరిగేది. అందరూ ఒకే నిర్ణీత అడుగులు వేసే కంపల్సరీ డాన్స్‌లో 42.74, ఇచ్చిన ఇతివృత్తం మీద చేసే ఒరిజినల్ డాన్స్‌లో 68.41 కలిపితే మొత్తం 221.57. రెండో స్థానంలో నిలిచిన అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్‌లది 215.74. ఉత్తర అమెరికాకి ఐస్ డాన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం రావడం అదే మొదలు. 1976లో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చాక ముప్పయ్యేళ్ళకి పైగా బంగారం యూరప్ దాటి పోలేదు. అప్పటికి టెస్సాకి ఇరవై, స్కాట్‌కి ఇరవై రెండు.

వాంకూవర్ వీడియో చూసేటప్పుడు ఆమె కాళ్ళ సంగతి గుర్తుంచుకోవాలి. 2008 అక్టోబరులో ఆమె రెండు కాళ్ళకీ ఆపరేషన్ జరిగింది. పిక్కల దగ్గర కండరాల చుట్టూ గట్టి పొర ఉంటుంది. శ్రమ పెరిగినప్పుడు కండరం ఉబ్బుతుంది గానీ పొర సాగదు. లోపల ఒత్తిడి పెరిగి, రక్తం సరిగా ఆడక విపరీతమైన నొప్పి వస్తుంది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఆపరేషన్‌లో ఆ పొరను కోసి ఒత్తిడి తగ్గిస్తారు. ఆమె కోలుకుంటున్నంతకాలం స్కాట్ ఇసుక సంచులను, హాకీ కర్రలను భాగస్వామిగా పెట్టుకుని సాధన చేశాడు. 2010 అక్టోబరులో ఆమెకి మళ్ళీ అదే ఆపరేషన్ అవసరమైంది. అంటే వాంకూవర్‌లో అంత లోతుగా వంగిన ఆ మోకాళ్ళ కింద బాధ పూర్తిగా పోలేదన్నమాట. మూడోసారి చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే ప్రతి వంపూ వేరేగా కనిపిస్తుంది.

భారతీయ ప్రేక్షకులు వదులుకోకూడని వీడియో ఒకటి ఇక్కడే ఉంది, అది ఈ జంటది కాదు. ఆ సీజన్లో ఒరిజినల్ డాన్స్‌కి జానపద, దేశీ నృత్యాలు ఇతివృత్తం. వర్చ్యూ, మోయిర్ స్పెయిన్ నృత్యం ఫ్లమెంకో చేశారు. డేవిస్, వైట్ హిందీ సినిమా పాటల మీద భారతీయ నృత్యం చేశారు. మన దేశంలో అప్పట్లో చాలామంది చూసిన ఐస్ డాన్స్ అదే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా జంటలో వేగం ఎక్కువ, చేతుల్లో, నడుములో నాట్యం నిండుగా ఉంటుంది. కెనడా జంట ఫ్లమెంకోలో ఇద్దరి మధ్య జాగా దాదాపు ఉండదు. అంత దగ్గరగా, అంత వేగంగా వెళ్తూ బ్లేడుకి బ్లేడు తగలకుండా మలుపు తిప్పడం మామూలు సంగతి కాదు. మార్కుల్లో తేడా కాస్తే, 68.41కి 67.08. రెండు జంటలూ మిషిగన్‌లోని కాంటన్‌లో ఒకే రింకులో, మరీనా జుయేవా, ఇగోర్ ష్పిల్‌బాండ్ అనే ఇద్దరు కోచ్‌ల దగ్గరే తయారయ్యాయి. బంగారానికి పోటీపడే ఇద్దరు రోజూ ఒకే మంచు మీద ఎదురుపడుతూ సాధన చేశారన్నమాట. ఆ నాలుగేళ్ళలో ఐస్ డాన్స్ స్థాయి అంత పెరగడానికి ఇదొక పెద్ద కారణమని మా నమ్మకం.

సోచికి వచ్చేసరికి కథ తిరగబడింది. డేవిస్, వైట్‌లకి 195.52, వర్చ్యూ, మోయిర్‌లకి 190.99. చాలామంది ఫ్రీ డాన్స్ చూసి తీర్పు చెప్తారు. మా సలహా, ఫ్రీ డాన్స్‌కి ముందు చేసే చిన్న డాన్స్, షార్ట్ డాన్స్ చూడండి. 4.53 పాయింట్ల తేడాలో 2.56 అక్కడే పోయింది. షార్ట్ డాన్స్‌లో అందరూ చెయ్యాల్సిన నిర్ణీత అడుగుల వరస ఉంటుంది. ఆ ఏడు అది ఫిన్‌స్టెప్. ఫిన్లాండ్ జంట సుసన్నా రాహ్కమో, పెట్రి కొక్కో తయారుచేసిన క్విక్‌స్టెప్ అది. చిటికెల్లా పడే చిన్న చిన్న అడుగులు, నడుమ టక్కున ఆగడాలు. ఆ వరసలో కొన్ని కీలకమైన అడుగులు ముందే గుర్తుపెట్టి ఉంటారు. ఆ అడుగు సరైన అంచు మీద పడిందా, మలుపు శుభ్రంగా తిరిగిందా అని సాంకేతిక ప్యానెల్ వీడియో వెనక్కి తిప్పి మరీ చూస్తుంది. ఒకటి తప్పినా లెవెల్, అంటే ఆ అంశం కష్టానికి ఇచ్చే స్థాయి, నాలుగు నుంచి మూడుకి పడిపోతుంది. వర్చ్యూ, మోయిర్‌లకి ఫిన్‌స్టెప్ ఒక భాగంలో అదే జరిగింది. ఆ డాన్స్ తయారుచేసిన కొక్కోయే తన లెక్కలో ఈ జంట ముందుండాలని బహిరంగంగా అన్నాడు. వీడియోని సగం వేగంలో పెట్టి ఆ అడుగులు మీరే చూడండి. మామూలు వేగంలో తప్పు కంటికి ఆనదు.

ఈ వీడియోలతో ఉన్న అసలు చిక్కు ఇక్కడే. వీడియోలో లెవెల్ ఎందుకు తగ్గిందో తెలియదు. మొత్తం మార్కులు, సంతోషమో నిరాశో నిండిన మొహాలు, అంతటితో సరి. దీనికి విరుగుడు, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌యూ, ఫలితాల పేజీల్లో పీడీఎఫ్‌గా పెట్టే వివరమైన మార్కుల పత్రం. అందులో ప్రతి అంశానికీ ఒక వరస ఉంటుంది. అంశం పేరు చివర ఉన్న అంకె లెవెల్, ఒకటి నుంచి నాలుగు దాకా. పక్కన మూల విలువ. తర్వాత తొమ్మిదిమంది జడ్జీలు నాణ్యతకి ఇచ్చిన అంకెలు. 2018 ఒలింపిక్స్ దాకా అవి మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు మధ్య ఉండేవి. అన్నిటికన్నా పెద్దదీ, చిన్నదీ తీసేసి మిగతా ఏడింటి సగటు కడతారు. కింద స్కేటింగ్ నైపుణ్యం, కూర్పు వంటి వాటికి పదికి వేసిన మార్కులుంటాయి. సోచి పత్రంలో ఏ అంకె ఏ జడ్జిదో తెలియదు, అప్పట్లో గోప్యత ఉండేది. ఆ తర్వాత 2016లో దాన్ని ఎత్తేశారు కాబట్టి ప్యాంగ్‌చాంగ్ పత్రంలో పేరు పక్కన అంకె కనిపిస్తుంది. వీడియో ఒక కిటికీలో, పత్రం ఇంకో కిటికీలో పెట్టుకుని చూస్తే ఒక్క సాయంత్రంలో ఈ ఆట గురించి చాలా తెలుస్తుంది. ఒలింపిక్స్ వాళ్ళే ఆ పత్రం లింకు వీడియో కింద పెడితే ఎంత బాగుండేది!

ఇంకో లోటు మరీ పెద్దది. ఇది ఒలింపిక్స్ భాండాగారం కాబట్టి ఒలింపిక్స్ మాత్రమే ఉంటాయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు ఐఎస్‌యూవి, వాటి హక్కులు వేరు. 2010 టురిన్, 2012 నీస్, 2017 హెల్సింకీ, ఈ మూడు ప్రపంచ స్వర్ణాలూ ఇక్కడ దొరకవు. 2013లో సొంత ఊరు ఒంటారియో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన కార్మెన్ ఫ్రీ డాన్స్ కూడా లేదు. ఈ జంట చేసిన అన్నిటిలోకీ ధైర్యమైన పని అదేనని మా అభిప్రాయం. మాహ్లర్‌లోని మృదుత్వమంతా పక్కనబెట్టి, కోపం, పంతం నిండిన కోణాలతో చేసిన డాన్స్ అది. వాంకూవర్ నుంచి సోచికి, సోచి నుంచి ప్యాంగ్‌చాంగ్‌కి నేరుగా దూకేస్తే ఆ మధ్య దారంతా పోతుంది. 2014 తర్వాత రెండేళ్ళు పోటీలకి దూరంగా ఉండి, 2016లో మాంట్రియల్‌లో మరీ-ఫ్రాన్స్ డుబ్రుయి, పత్రిస్ లోజోన్ అనే కోచ్‌ల దగ్గర చేరి, ఆ సీజన్లో ఒక్క పోటీ కూడా ఓడకుండా వచ్చారు. హెల్సింకీ ఫ్రీ డాన్స్‌లో స్కాట్ తడబడి కూడా షార్ట్ డాన్స్‌లో 82.43 మార్కులతో తెచ్చుకున్న ఆధిక్యంతో గట్టెక్కారు. ఈ సంగతులు చదివి తెలుసుకోవాలి తప్ప ఈ ఛానల్లో కనిపించవు.

ఇక ప్యాంగ్‌చాంగ్. మూలాన్ రూజ్ సినిమా సంగీతం మీద చేసిన ఫ్రీ డాన్స్‌ని లెక్కలేనంతమంది చూశారు. వీడియో ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఇదే డాన్స్‌ని వాళ్ళు ఆ ఒలింపిక్స్‌లో రెండుసార్లు చేశారు, ఒకసారి దేశాల జట్లు పోటీపడే టీమ్ ఈవెంట్‌లో, ఒకసారి ఫిబ్రవరి 20న ఐస్ డాన్స్ పోటీలో. టీమ్ ఈవెంట్‌లో వచ్చింది 118.10, ఐస్ డాన్స్ పోటీలో 122.40. పూర్తి నిడివి వీడియోయేనా, ఏ పోటీది అన్నది పేరు చదివి చూసుకోండి. ముక్కలు అతికించిన చిన్న వీడియోలతో లాభం లేదు. వాటిలో లిఫ్టులు (భాగస్వామిని పైకి ఎత్తడాలు), చూపులే ఉంటాయి, అడుగుల వరసలు కత్తిరించేస్తారు.

అందులో దగ్గరగా చూడాల్సింది మొదటి సగంలోని టాంగో. టాంగోలో పాదం పెట్టడం కత్తి దించినట్టు ఉండాలి, కానీ మంచు మీద పాదం పెట్టాక ఆగదు, జారుతూనే ఉంటుంది. కాబట్టి పదును పాదంలో రాదు, మోకాలు ఒక్కసారిగా వంగడంలో వస్తుంది. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా వెళ్తే ఇద్దరి మోకాళ్ళూ ఒకే ఫ్రేమ్‌లో దిగడం కనిపిస్తుంది. పట్టు మారుతున్నప్పుడు చేతులకోసం ఎవరూ వెతుక్కోరు, చూడకుండానే చెయ్యి వెళ్ళి చేతిలో పడుతుంది. ఏడేళ్ళ పాపగా టెస్సాని, తొమ్మిదేళ్ళ పిల్లాడిగా స్కాట్‌ని అతని బంధువు కేరొల్ 1997లో జంటగా కలిపింది. ఇరవై ఏళ్ళ సాధన ఆ చేతుల్లో ఉంది. రెండో సగంలో పాట నెమ్మదిస్తుంది, మాహ్లర్ నాటి మోకాళ్ళు మళ్ళీ కనిపిస్తాయి.

లిఫ్టుల దగ్గర సెకన్లు లెక్కపెట్టడం ఆసక్తిగా ఉంటుంది. ఐస్ డాన్స్‌లో అమ్మాయిని పైకి విసరడం ఉండదు, లిఫ్టుకి కాలపరిమితి ఉంటుంది, దాటితే ఒక పాయింటు కోత. అందుకే ఎక్కడం, దిగడం రెండూ డాన్స్‌లో కలిసిపోవాలి. ఎక్కేముందు అబ్బాయి రెండు కాళ్ళ మీద నిలబడి సిద్ధమవుతున్నాడంటే వేగం పోతుంది. స్కాట్ వంపులో జారుతూనే ఎత్తుతాడు, వంపులోనే దింపుతాడు. దిగిన వెంటనే ఆమె బ్లేడు ఏ అంచు మీద పడిందో చూడండి.

ఫలితం మాత్రం నూలుపోగంత తేడాతో తేలింది. ఫ్రాన్స్ జంట గాబ్రియెలా పపడాకిస్, గియోమ్ సిజెరోన్ ఫ్రీ డాన్స్‌లో 123.35 తెచ్చుకుని ముందున్నారు. షార్ట్ డాన్స్‌లో పపడాకిస్ డ్రస్సు మెడ వెనక హుక్కు మొదట్లోనే ఊడిపోయింది. ఆపితే మార్కులు కోత, కాబట్టి ఆమె ఆగకుండా అలాగే పూర్తిచేసింది. అక్కడ 81.93కే ఆగారు, వర్చ్యూ, మోయిర్‌లకి 83.67 వచ్చింది. మొత్తం 206.07కి 205.28. తేడా 0.79. ఈ రెండు జంటలు కూడా మాంట్రియల్‌లో ఒకే కోచ్‌ల దగ్గర సాధన చేసినవే. రెండు ఫ్రీ డాన్స్‌లూ వరసగా చూడమని గట్టిగా చెప్తాం. ఫ్రాన్స్ జంట నీటిలా పారుతుంది, కెనడా జంట నిప్పులా అంటుకుంటుంది. మా మొగ్గు కెనడా వైపే, కానీ ఆ రాత్రి ఫ్రీ డాన్స్ ఒక్కటే లెక్కయితే ఫ్రాన్స్ గెలవడం న్యాయమే.

వాళ్ళు 2019 సెప్టెంబరులో ఆట వదిలారు. వాళ్ళ ప్రభావం వెతకాలంటే ఈ ఛానల్లోనే 2022 బీజింగ్ ఐస్ డాన్స్ చూడండి. స్వర్ణం పపడాకిస్, సిజెరోన్‌లది, కాంస్యం అమెరికా జంట మాడిసన్ హబెల్, జాకరీ డోనహ్యూలది. రెండు జంటలూ ఆ మాంట్రియల్ కోచ్‌ల అకాడమీవే. అదే అకాడమీకి ఒంటారియో లండన్‌లో శాఖ పెట్టి, కొత్త జంటలకి శిక్షణనిస్తున్నది స్కాట్ మోయిర్.

ఇంట్లో పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటుంటే, ముఖ్యంగా అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ళకి, ఈ వీడియోలు పాఠంగా పనికొస్తాయి. లిఫ్టులు చూపించకండి, పిల్లలు సోఫా ఎక్కి ప్రయత్నిస్తారు. వాంకూవర్ వీడియోలో మొదటి నిమిషం పెట్టి, మోకాళ్ళు ఎన్నిసార్లు వంగాయో లెక్కపెట్టమనండి. వ్యాఖ్యానం తెలుగులో లేదు, దాని అవసరమూ పెద్దగా పడదు, మ్యూట్ చేసి చూసినా నష్టం లేదు.

సమయం మిగిలితే 1984 సారాయెవోలో బ్రిటన్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ బొలెరో సంగీతానికి చేసిన డాన్స్ కూడా చూడండి. సంగీతం నియమం ఒప్పుకునే నిడివి కన్నా ఎక్కువైంది. గడియారం మాత్రం బ్లేడు మంచు మీద కదలడం మొదలైనప్పుడే నడుస్తుంది. అందుకే మొదటి కొన్ని సెకన్లు ఇద్దరూ మోకాళ్ళ మీదే కూర్చుని ఊగుతారు. పాదం ఎప్పుడు మంచుని తాకుతుందో అక్కడ ఆపి చూడండి.